విమానమెక్కినా పులిహోర పొట్లమే

రాయ్‌పూర్ స్టేషన్‌లో విశాఖపట్నం వెళ్లే సమతా ఎక్స్‌ప్రెస్ ఆగినప్పుడు తెలుగు కుటుంబాలను గుర్తుపట్టడానికి మాట వినక్కర్లేదు. చేతుల్లో సంచులు చూస్తే చాలు. ఒకదాంట్లో స్టీలు క్యారియర్, మరోదాంట్లో రెండు పెద్ద నీళ్ల సీసాలు, పైన మడత పెట్టిన దుప్పటి, పిల్లవాడికి బిస్కట్ పొట్లం. బండి మహాసముంద్ చేరేలోపే క్యారియర్ మూత తెరుచుకుంటుంది. విజయనగరంలో దిగేదాకా ఆ కుటుంబం బయట పెట్టే ఖర్చు టీ డబ్బులే.

అదే కుటుంబం హైదరాబాద్‌లో పెళ్లికి విమానంలో వెళ్తోందనుకోండి. తెల్లవారుజామునే లేచి, ఏమీ తినకుండా, నీళ్ల సీసా కూడా లేకుండా మానా విమానాశ్రయానికి బయల్దేరుతుంది. తిండి తెస్తే లోపలికి రానివ్వరేమోనని భయం. రానిచ్చినా నలుగురి మధ్య పొట్లం విప్పితే ఏమనుకుంటారోనని మొహమాటం. భద్రతా తనిఖీ దాటాక పిల్లలు ఆకలంటారు. నాలుగు టీలు, నాలుగు చిరుతిళ్లు కొనేసరికి వెయ్యి రూపాయలు మాయమవుతాయి. నెల రోజుల ముందు కంప్యూటర్ ముందు కూర్చుని, తేదీలు మార్చి మార్చి వెతికి, టికెట్టు మీద మిగిల్చిన డబ్బు అది.

రాయ్‌పూర్‌లో తెలుగువారికి ప్రయాణం కొత్తేమీ కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే వేసిన రాయ్‌పూర్-విజయనగరం మార్గం 1931లో పూర్తయినప్పటి నుంచి రెండు ప్రాంతాల మధ్య రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. రైల్వే ఉద్యోగాలు, ఆ తర్వాత పక్కనే భిలాయ్ ఉక్కు కర్మాగారం ఎందరో తెలుగువారిని అక్కడికి రప్పించాయి. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ కూడా మొదలైంది. విమానం మాత్రం సాధారణ కుటుంబానికి ఇటీవలి అలవాటు. 2012 నవంబర్‌లో కొత్త టెర్మినల్ తెరుచుకున్నాక, చౌక విమాన సంస్థలు విస్తరించాక, హైదరాబాద్ గంటన్నర దూరమైంది. ప్రయాణం మారింది. దానికి తగ్గ సన్నాహమే ఇంకా అలవడలేదు. నిజానికి కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే. రైలు కోసం చేసే పనుల్లో చాలా వరకు విమానానికీ చేయొచ్చు.

విమాన ప్రయాణంలో రెండు రకాల ధరలుంటాయి. మొదటిది టికెట్టు ధర. అక్కడ పోటీ ఉంటుంది, పోల్చి చూసే వీలుంటుంది, నచ్చకపోతే రైలుంది. రెండోది తనిఖీ దాటాక ఎదురయ్యే ధర. అక్కడ పోటీ లేదు, వెనక్కి వెళ్లే దారి లేదు, పైగా ఆకలి ఉంటుంది. దుకాణాల ధరల వెనుక ఒక లెక్క కూడా ఉంది. విమానాశ్రయంలో చోటు కావాలంటే టెండర్ వేయాలి. భారీ అద్దె కట్టాలి, లేదా అమ్మకాల్లో వాటా ఇవ్వాలి. సిబ్బందికి ప్రత్యేక పాస్‌లు, సరుకుకు తనిఖీలు అదనం. ఆ భారమంతా చివరికి టీ కప్పులోనే కలుస్తుంది. కాబట్టి ఆదా చేయాలంటే అక్కడ బేరమాడి లాభం లేదు. అక్కడ కొనాల్సిన అవసరమే రాకుండా చూసుకోవాలి. ఆ పని జరిగేది ఇంట్లో, రెండు రోజుల ముందు.

మొదట పోవాల్సింది భయం. దేశీయ విమానాల్లో ఇంటి తిండి తీసుకెళ్లడానికి అడ్డు లేదు. ఇడ్లీ, చపాతీ, పులిహోర, జంతికలు, అరటిపండ్లు చేతి సంచిలో పెట్టుకోవచ్చు. దేశీయ ప్రయాణంలో నీళ్ల సీసానూ సాధారణంగా అనుమతిస్తారు. మహా అయితే భద్రతా సిబ్బంది ఒక గుక్క తాగి చూపించమంటారు. ద్రవాలు 100 మిల్లీలీటర్లు మించరాదన్న కట్టుబాటు అంతర్జాతీయ ప్రయాణాలది. ఈ రెండింటినీ కలిపేసుకుని, హైదరాబాద్ వెళ్తూ కూడా గుమ్మం దగ్గరే సీసా పారేసి లోపల మరొకటి కొనేవారు ఎందరో. ఒకవేళ పూర్తి సీసాకు అభ్యంతరం వచ్చినా ఖాళీ సీసాను ఎవరూ ఆపరు. లోపల తాగునీటి కుళాయిలుంటాయి.

అయితే తెలుగింటి సామానులో కొన్ని చిక్కులున్నాయి. ఆవకాయ, నెయ్యి, కారప్పొడి చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆగిపోవచ్చు. వాటిని గట్టిగా మూతపెట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, చెక్-ఇన్ చేసే పెట్టెలో బట్టల మధ్య సర్దుకోవడమే మేలు. ఎండు కొబ్బరి సంగతి వేరు. నూనె ఎక్కువగా ఉండి దానంతటదే వేడెక్కే స్వభావం ఉందని దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. అందుకే చెక్-ఇన్ సామానులో ఎండు కొబ్బరికి చోటు లేదు. కర్పూరానికీ అంతే, అది తేలిగ్గా అంటుకుంటుంది. కొబ్బరికాయను చేతి సామానులోకి అనుమతించకపోవడం శబరిమల వెళ్లే భక్తులకు ఎంత ఇబ్బందైందంటే, ఇరుముడిలో కాయను వెంట తీసుకెళ్లేందుకు 2024 అక్టోబర్‌లో ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. అదీ 2025 జనవరి 20 వరకే. పెళ్లికి వెళ్లే వారు పసుపు కుంకుమలు పట్టుకెళ్లి, కొబ్బరి, కర్పూరం దిగిన ఊళ్లో కొనుక్కుంటే సరిపోతుంది.

పవర్ బ్యాంకుది దీనికి పూర్తిగా వ్యతిరేక నియమం. లిథియం బ్యాటరీ మంటలు సామాను అరలో ఎవరికీ కనబడవు కాబట్టి దాన్ని చెక్-ఇన్ పెట్టెలో ఎంతమాత్రం పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల వరకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సామర్థ్యం 74 వాట్-అవర్లే. ఇది తెలియక పెట్టెలో పెట్టిన వారిని వెనక్కి పిలిచి పెట్టె తెరిపిస్తారు. ఆ హడావుడిలో అది అక్కడే మిగిలిపోతే కొత్తది కొనుక్కోవాల్సిందే. ఛార్జర్, ఇయర్‌ఫోన్లు, మెడకు పెట్టుకునే దిండు, పెట్టెకు చిన్న తాళం లాంటివన్నీ ఇంట్లో ఉన్నవే. మరిచిపోయిన వారికే విమానాశ్రయంలో అవసరమవుతాయి. మాలవీయ రోడ్డులోనో గోల్ బజార్‌లోనో బేరమాడి కొనే ఛార్జర్‌కు, గేటు దగ్గర అద్దాల దుకాణంలో కొనే ఛార్జర్‌కు ధరలో తేడా ఎంతో చెప్పనక్కర్లేదు. ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద జాబితా రాసి తలుపుకు అంటించుకోవడమే దీనికి మందు.

తిండి కన్నా పెద్ద దెబ్బ బరువుది. దేశీయ ప్రయాణాల్లో చాలా సంస్థలు మామూలు టికెట్టు మీద ఉచితంగా అనుమతించేది 15 కిలోల చెక్-ఇన్ సామాను, 7 కిలోల చేతి సామాను. ఇదివరకు పరిమితి 20 కిలోలుండేది. 15 నుంచి 20 కిలోల మధ్య అదనపు బరువుకు కిలోకు 100 రూపాయలకు మించి వసూలు చేయరాదని 2016లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించింది. 2017 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేశాక ధర నిర్ణయం సంస్థల చేతుల్లోకి వెళ్లింది. ఇప్పుడు చాలా సంస్థలు కౌంటర్ దగ్గర కిలోకు 500 రూపాయలకు పైగానే తీసుకుంటున్నాయి. నాలుగు కిలోలు ఎక్కువైతే రెండు వేలు పైమాటే. పెళ్లివారికి పెట్టే చీర కన్నా దాన్ని మోసిన ఖర్చే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

దీనికి కావలసింది ఒక కాటా. కొక్కేనికి తగిలించి తూచే చిన్న కాటా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అదీ వద్దనుకుంటే కిరాణా కొట్టు కాటా ఉంది, పాత పేపర్లు కొనేవాడి కాటా ఉంది. పెట్టెను ఖాళీగా ఒకసారి, సర్దాక ఒకసారి తూచాలి. చక్రాల పెద్ద పెట్టె ఖాళీగానే నాలుగు కిలోలు తూగితే, 15 కిలోల్లో నాలుగో వంతు పెట్టెకే పోయినట్టు. ఒకే టికెట్టు మీద వెళ్లే నలుగురి బరువును నాలుగు పెట్టెల్లో సమంగా సర్దుకోవాలి. ఎక్కువ తప్పదనుకుంటే అదనపు బరువును బయల్దేరే ముందే సంస్థ వెబ్‌సైట్‌లో కొనుక్కోవాలి. కౌంటర్ ధర కన్నా అది తక్కువ. చేతి సంచి విషయంలోనూ ఒక మాట. దేశీయ ప్రయాణికుడికి అనుమతించేది ఒకే చేతి సంచి. ఆడవారి హ్యాండ్‌బ్యాగ్ లాంటివి అదనం. రెండు సంచులు వేలాడేసుకుని వెళ్తే గేటు దగ్గర రెండోది లోపలికి పోతుంది, డబ్బు బయటికి వస్తుంది.

మరో ఖర్చు కంటికి కనబడకుండా జరుగుతుంది, ఫోన్ తెర మీద. వెబ్ చెక్-ఇన్ చేసేటప్పుడు సీట్ల పటం తెరుచుకుంటుంది. కిటికీ సీటుకు ఇంత, ముందు వరసకు ఇంత అని ధరలుంటాయి. సీటు కొంటేనే ప్రయాణం అన్నట్టు ఉంటుంది వరస. ఏమీ ఎంచుకోకపోయినా సీటు ఇవ్వాల్సిందే. పిల్లలు విడిపోతారనే బెంగతో కొనేవారే ఎక్కువ. ఆ బెంగ అక్కర్లేదు. 12 ఏళ్లలోపు పిల్లలకు అదే టికెట్టు మీద ఉన్న తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ సంస్థలను ఆదేశించింది. బోర్డింగ్ పాస్ మీద కూడా ఇలాంటిదే జరిగింది. కోవిడ్ తర్వాత కొన్ని సంస్థలు కౌంటర్‌లో పాస్ ఇవ్వడానికి రుసుము పెట్టాయి. అలా తీసుకోరాదని 2022 జూలైలో పౌర విమానయాన శాఖ స్పష్టం చేసింది. ఫోన్ వాడలేని పెద్దవారు కౌంటర్‌కు వెళ్లి నిశ్చింతగా అడగొచ్చు.

నియమం తెలిసి ఉండటం కూడా సన్నాహమే. నీళ్ల సీసా సంగతే తీసుకోండి. ఒకే సరుకు మీద ఊళ్లో ఒక గరిష్ఠ ధర, విమానాశ్రయంలో మరో గరిష్ఠ ధర ముద్రించడాన్ని 2018 జనవరి 1 నుంచి తూనికలు, కొలతల నిబంధనలు నిషేధించాయి. అయితే హోటళ్లు, రెస్టారెంట్లు గరిష్ఠ ధరకు మించి తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. కూర్చోబెట్టి వడ్డించడంలో సేవ కూడా ఉందన్నది దాని వెనుక తర్కం. కాబట్టి కేఫ్‌లో కూర్చుని సీసా అడగడం వేరు, దుకాణంలో సీసా కొనడం వేరు. దుకాణంలో ముద్రించిన ధర చదివి, అంతకు మించి అడిగితే బిల్లు తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

ఆలస్యం జరిగినప్పుడు ఈ ఎరుక మరీ అవసరం. చలికాలంలో ఢిల్లీలో మంచు కురిస్తే ఆ సెగ రాయ్‌పూర్‌లోనూ తగులుతుంది. అక్కడి నుంచి రావాల్సిన విమానం రాదు. రెండున్నర గంటల్లోపు ప్రయాణాలకు బయల్దేరడం రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే, సమయానికి చెక్-ఇన్ చేసిన ప్రయాణికులకు సంస్థ అల్పాహారం, భోజనం సమకూర్చాలని డీజీసీఏ నిబంధనలు చెబుతున్నాయి. రాయ్‌పూర్-హైదరాబాద్ ఆ కోవలోకే వస్తుంది. అడిగిన వారికి కూపన్ దొరుకుతుంది. అడగని వారు జేబులోంచి తీసి కొనుక్కుంటారు.

నియమాలు కూడా చేతులెత్తేసే రోజులుంటాయి. 2025 డిసెంబర్ మొదటి వారంలో పైలట్ల విశ్రాంతి నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక ఇండిగో దేశమంతటా విమానాలు రద్దు చేసింది. డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దయ్యాయి. ఇతర సంస్థల టికెట్ల ధరలు చుక్కలనంటితే ప్రభుత్వం కలగజేసుకుని 500 కిలోమీటర్లలోపు 7,500, వెయ్యి కిలోమీటర్లలోపు 12,000 రూపాయలు అని గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది. అలాంటి రాత్రి టెర్మినల్ నేల మీద కూర్చున్న వారికి నిజంగా పనికొచ్చేవి నాలుగే: నీళ్లు, తిండి, ఛార్జింగ్, మందులు. రక్తపోటు, మధుమేహం మాత్రలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టి పంపేసిన పెద్దవారి సంగతి ఊహించుకుంటేనే భయమేస్తుంది. ఒక్క గంట ప్రయాణమైనా సరే, కనీసం రెండు రోజులకు సరిపడా మందులు, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి. దీన్ని రూపాయల్లో లెక్కకట్టలేం.

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లే రాయ్‌పూర్, భిలాయ్ తల్లిదండ్రులకు లెక్క మరికాస్త పెద్దది. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో అంతర్జాతీయ విమానం ఎక్కేటప్పుడు 100 మిల్లీలీటర్ల నియమం వర్తిస్తుంది. కాబట్టి అక్కడికి ఖాళీ సీసాతో వెళ్లి, తనిఖీ దాటాక నింపుకోవాలి. అమెరికా వెళ్లే విమానాల్లో చేతి సంచిలోని పొడులకూ 2018 నుంచి అదనపు తనిఖీ ఉంది. 350 మిల్లీలీటర్ల డబ్బా కన్నా ఎక్కువుంటే చిక్కే. అందుకే కందిపొడి, సున్నిపిండి పెట్టెలోకి పోవాలి. మాంసం పచ్చళ్లు అసలు వద్దు, అక్కడి కస్టమ్స్ వారు పారేస్తారు. అమెరికా ప్లగ్గుకు సరిపోయే అడాప్టర్‌ను ఊళ్లోనే కొనుక్కోవాలి. డాలర్లను విమానాశ్రయం కౌంటర్‌లో కాకుండా వారం ముందు బ్యాంకులో మార్చుకోవడమో, ఫారెక్స్ కార్డు తీసుకోవడమో మంచిది. ఆఖరి నిమిషంలో విమానాశ్రయంలో మార్చుకున్న ప్రతి డాలరు మీదా కొన్ని రూపాయలు ఊరికే పోతాయి.

ఇంత చెప్పుకున్నాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఆకలేసిన మనిషికి న్యాయమైన ధరకు టీ దొరకాలంటే అది ప్రయాణికుడి ముందుచూపు మీదే ఆధారపడాలా? రైల్వే ఈ ప్రశ్నకు ఏనాడో జవాబు చెప్పింది. లీటరు రైల్ నీర్ ధర ఏ స్టేషన్‌లోనైనా ఒకటే. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గినప్పుడు దాన్ని 15 నుంచి 14 రూపాయలకు దించారు కూడా. విమానాశ్రయాలు ఆలస్యంగా మేల్కొన్నాయి. 2024 డిసెంబర్‌లో శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు కోల్‌కతా విమానాశ్రయంలో తొలి ఉడాన్ యాత్రీ కేఫ్‌ను ప్రారంభించారు. అక్కడ టీ 10 రూపాయలు, నీళ్ల సీసా 10, కాఫీ 20, సమోసా 20. 2025 ఫిబ్రవరిలో చెన్నైలో మరొకటి తెరిచారు. పక్కనే ఉన్న ఖరీదైన కేఫ్‌లు దాని వల్ల మూతపడలేదు. ఎవరికి కావలసింది వారు కొనుక్కుంటున్నారు. ప్రతి విమానాశ్రయంలోనూ తనిఖీకి ముందొకటి, తర్వాతొకటి అలాంటి కౌంటర్ ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. తొలిసారి విమానమెక్కే చిరుద్యోగిని ఆహ్వానించే విధానం, అతను లోపలికి వచ్చాక టీ తాగగలడా అని కూడా ఆలోచించాలి.

అంతవరకూ ఆ పని క్యారియర్‌దే. భయం పోయినంత తేలిగ్గా మొహమాటం పోదు. కానీ గేటు దగ్గర కుర్చీల్లో కాస్త పరికించి చూస్తే థేప్లా పొట్లం విప్పే గుజరాతీ కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్లను చూసి ఎవరూ నవ్వడం లేదు. పక్క కుర్చీలో రెండు వందల రూపాయల శాండ్‌విచ్ తినేవాడు వాళ్ల వైపు చూసేది చులకనతో కాదు, ఆకలితో. సమతా ఎక్స్‌ప్రెస్‌లో మహాసముంద్ రాకముందే విప్పే పులిహోర పొట్లం మానాలో విప్పడానికి అడ్డొచ్చే నియమం ఏదీ లేదు. ముందు రోజు రాత్రి చింతపండు నానబెట్టుకుంటే చాలు.